క్రిస్టోఫర్ కోసిన సముద్రం

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు రోడ్డు పట్టుకుంటే బండలు కోసే షెడ్లు వరసగా వస్తాయి. వాటిలో క్రిస్టోఫర్ షెడ్డు ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. మిషన్ల రొదను మించి ఒక గొంతు వినిపిస్తుంది చూడండి, అదే. ఆ గొంతు గురించి ఆ రోడ్డున చెప్పుకునే కథల్లో సగం అబద్ధమని కొట్టేసినా మిగిలిన సగం చాలు. ఒకసారి ఆయన అరిచిన అరుపుకు ఎర్రగుంట్ల పోయే లారీ టైరు పేలిందంటారు. టైరు పాతదని లారీ ఓనరు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మైలవరం డ్యాం గేటు ఒకటి ఆ గొంతుకు దానంతటదే లేచిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడు డ్యాములో నీళ్ళే లేవు కాబట్టి సాక్ష్యం దొరకదు.

ఆ కోపం పుట్టిన చోటు మాత్రం అందరికీ తెలుసు. పాత మిషన్ కాంపౌండు వెనక వీధిలో, చర్చి గంట కొట్టే ఆనందయ్య కొడుకుగా పెరిగిన క్రిస్టోఫర్, తొమ్మిదో తరగతిలో ఒక బండముక్కను బడికి మోసుకుపోయాడు. దాని మీద అలలు ఉన్నాయి. ఇసుకలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పడే గీతలు ఉంటాయే, అవి రాయిగా మారి ఉన్నాయి. "సార్, ఇక్కడ సముద్రం ఉండింది" అన్నాడు. తాగడానికి నీళ్ళు లేని ఊరికి సముద్రమా అని సైన్సు అయ్యవారు పగలబడి నవ్వి, ఆ బండనే నెత్తిన పెట్టి బెంచీ ఎక్కించాడు. పిరియడ్ అయ్యేదాకా పిల్లాడు కదల్లేదు. గంట కొట్టగానే బండను అయ్యవారి బల్ల మీద ఎత్తేశాడు. బల్ల రెండు ముక్కలైంది. బండకు ఏమీ కాలేదు. దాన్ని చంకన పెట్టుకుని బయటికి వచ్చినవాడు మళ్ళీ ఆ గేటు తొక్కలేదు.

ఆ తర్వాత క్వారీలో సుత్తి పట్టాడు, లారీలకు బండలెత్తాడు. నడుము పట్టేసి నరసింహులు అనే షెడ్డు ఓనరు పని మానుకుంటే ఆయన దగ్గర కోత మిషన్ కొన్నాడు. నరసింహులు పులివెందులలో కూతురింటికి చేరాడు గానీ మిషన్ మీద మమకారం చావలేదు. ఏడాదికొకసారి బస్సెక్కి వచ్చి దాని ఒళ్ళు నిమిరి పోతాడు. ఆ పూట క్రిస్టోఫర్ షెడ్డులో ఉండడు.

బండలు అందరూ కోస్తారు. కాలేజీల రాళ్ళు కోసేది మాత్రం క్రిస్టోఫరే. భూగర్భశాస్త్రం చదివే పిల్లలు ఏ మూల నుంచి వచ్చినా, కాగితమంత పలుచగా ముక్క కావాలంటే ఆయన షెడ్డుకే రావాలి. కొన్నేళ్ళ కింద అట్లాగే వచ్చింది హేమమాలిని. ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి వాళ్ళ పాప. వాళ్ళ వంశంలో అంతవరకూ ఎవరైనా రాయి పట్టారంటే అది బంగారం గీసి చూసే గీటురాయే. ఈ పిల్ల పులివెందుల దాటి లింగాల వైపు ఉన్న ఒక గుట్టను పట్టుకుంది. నల్లటి రాయి, పుస్తకంలో పేజీల్లా పొర మీద పొర.

"అన్నా, ఇది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద" అని చెప్పింది మొదటి రోజు. "దీంట్లో కంటికి కనపడని జీవాల తొడుగులు చిక్కుకోనుండాయి. కొన్ని ముక్కలు పలుచగా కోసి చూస్తాం, కొన్ని ఆసిడ్‌లో కరిగించి మిగిలింది మైక్రోస్కోపు కింద పెడతాం. కింది పొరలో ఏవుండాయి, పై పొరలో ఏవొచ్చినాయి, యాడ ఒక్కసారి మాయమైనాయి, అది చూస్తే ఆ సముద్రం ఎప్పుడు లోతైందో, ఎప్పుడు దానికి ఊపిరాడకుండా పోయిందో చెప్పొచ్చు."

క్రిస్టోఫర్ బ్లేడు ఆపాడు. "అంటే నేను కోసేది బండ కాదు, సముద్రమంటావు."

"అంతే అన్నా."

ఇక చూసుకోండి. ఆ నెలంతా రోడ్డున పోయే ప్రతి లారీనీ ఆపి, తాను సముద్రాన్ని కోస్తున్నానని చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ కథలో తిమింగలం చేరింది. ఆ సైన్సు అయ్యవారు ఇంకా బతికున్నాడేమోనని వాకబు కూడా చేశాడు. రిటైరై ఎక్కడికో పోయాడని తెలిసి, ఆ కోపం ఒక పూటంతా మిషన్ మీద చూపించాడు. హేమమాలిని తెచ్చిన ప్రతి రాయినీ రెండు చేసి, ఒక సగం ఆమె చేతికిచ్చి, రెండో సగం మీద పెయింటుతో గుర్తు వేసి షెడ్డు వెనక గోడకు ఆనించి పెట్టాడు. అది ఆయన పద్ధతి. సగం అక్కడ ఉంచకుండా ఏ రాయీ షెడ్డు దాటదు.

చివరి విడత రాళ్ళు దసరా వెళ్ళిన వారంలో కోశాడు. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున హేమమాలిని వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. బయట రఫీ జీపు ఆగి ఉంది. ప్రొద్దుటూరులో జీపు బాడుగకు తిప్పే రఫీ, ఆమె రాళ్ళన్నీ గుట్ట నుంచి తోలింది అతనే.

"అన్నా, నీ షెడ్డులో ఏమన్నా పూలుండాయా?"

"నా షెడ్డులో గడ్డిపోచ మొలవదు. పూలేంది? నేను చర్చికి పోయేటోన్ని, నాకు పూలతో ఏం పని?"

ఆమె ఫోను తీసి బొమ్మ చూపించింది. గుండ్రంగా ఉంది. ఒళ్ళంతా ముళ్ళు.

"ఇదేంది, ఉమ్మెత్తకాయా?"

"పుప్పొడి. పువ్వులో ఉండే పొడిలో ఒక రేణువు. నా రాళ్ళల్లో దొరికింది."

"దొరికింది గదా! మరి ఆ మొగమేంది, ఎవరో సచ్చినట్ల?"

"అన్నా, ఆ బురద పేరుకునేటప్పుడు భూమ్మీద పువ్వే లేదు. చెట్టు లేదు, గడ్డి లేదు. వంద కోట్ల ఏండ్లకు పైమాట. దాని ముందర పువ్వు నిన్న పుట్టింది అనుకో. వయసు తక్కువ సముద్రాల్లో అయితే ఈ పుప్పొడే మాకు దారి చూపిస్తాది. శానా ఉంటే తీరం దగ్గర, తక్కువుంటే దూరం. నా రాళ్ళల్లో అది ఉండాదంటే ఒకటే అర్థం. బయట నుంచి పడింది. మురికి."

ఆ ఒక్క మాట చాలు. "మురికా? నా బ్లేడు మురికంటాండావా? ఈ జిల్లాలో నా బ్లేడంత సుద్దమైంది ఇంకొకటి చూపించు, గుండు కొట్టించుకుంటా!"

పక్క షెడ్డులో మిషన్ ఆగింది. వినడానికి.

"అరుచుకో అన్నా, అరుచుకో" అంది హేమమాలిని. "మా సారు మొత్తం పారెయ్యమన్నాడు. చదివిన చదువంతా పారెయ్యాల. యాడ పడిందో తెలిస్తే, అది తగలని భాగం తీసి మళ్ళీ చూసుకోవచ్చు. తెలీకపోతే ప్రతి ముక్కా అనుమానమే. నెలాఖరుకు తేల్చమన్నాడు. నేనిప్పుడు గుట్టకు పోతాండా. కొత్త రాళ్ళన్నా తెచ్చుకుంటా."

"నేనూ వస్తా. ఆ పొడి పోసినోడు ఎవడో నాకు తెల్సు." ఆయన చూపు జీపు మీద పడింది.

జీపు ఎక్కకముందే మొదలుపెట్టాడు. "రేయ్ రఫీ, ఈ జీపులో పెండ్లిపూలు తోలినావు. పొద్దుతిరుగుడు మూటలు తోలినావు. ఆ పాప రాళ్ళు తీసుకోనొచ్చి దీంట్లోనే ఏసినావు. నువ్వు మనిషివేనా?"

"నా జీపులో నిన్ను గూడా తోలినా గదా మామా" అన్నాడు రఫీ, అద్దం సర్దుకుంటూ. "నీ కోపం రాళ్ళకు అంటిందేమో, మైక్రోస్కోపులో చూడమను."

ప్రొద్దుటూరు చేరేదాకా ఇద్దరూ ఊపిరి తీసుకోకుండా తిట్టుకున్నారు. హేమమాలిని జీపు వెనక భాగంలో అక్కడక్కడ టేపు అంటించి, దుమ్ము పట్టిన టేపు ముక్కలు తీసుకుని అంగడి మేడ మీదికి పోయింది. అక్కడ ఆమె పాత మైక్రోస్కోపు ఉంది. కింద మెట్ల దగ్గర క్రిస్టోఫర్, తీర్పు ముందే తెలిసిన వాడిలా మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

ఆమె దిగి వచ్చింది. "జీపులో అన్ని రకాలూ ఉండాయి. గడ్డిది, పొద్దుతిరుగుడుది, ఇంకేవేవో. అది జీపు నుంచి పడుంటే అన్నీ కలిసి పడాల. నా రాళ్ళల్లో ఒక్క రకమే, అదీ కుప్పలు కుప్పలు. ఎవరో పువ్వు తెచ్చి మీద దులిపినట్ల."

రఫీ జీపు దిగి, క్రిస్టోఫర్ ఎదుటికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పు మామా. ఇంకోసారి చెప్పు, నేను మనిషినేనా?"

"బండి తీయ్" అన్నాడు క్రిస్టోఫర్.

వీరపునాయునిపల్లె దాటింది, పులివెందుల దాటింది. గుట్ట కింద ఎవడో పూలతోట వేసి ఉంటాడని, గాలికి పొడి లేచి రాళ్ళ మీద పడి ఉంటుందని, వాడి తోట పీకించకపోతే తన పేరు మార్చుకుంటానని క్రిస్టోఫర్ దారంతా చెబుతూనే వచ్చాడు. జీపు ఆగింది. ఆయన దిగి తలెత్తాడు. తలెత్తి చూడాల్సింది ఏమీ లేదు. గుట్ట లేదు.

గుట్ట ఉన్నచోట గొయ్యి ఉంది. గొయ్యి ఒడ్డున కంకర మిషన్, దాని మీద బూడిదరంగు పొగలాగా దుమ్ము. హేమమాలిని గొయ్యి అంచుదాకా పోయి అక్కడే కూర్చుండిపోయింది.

పక్కనున్న చీనీ, అదే బత్తాయి, తోటలో మందు కొడుతున్న సుశీలమ్మ అనే ఆమె తలగుడ్డ సర్దుకుంటూ వచ్చింది. క్రిస్టోఫర్ ఆమె మీదికే పోయాడు. "ఈడ పూలతోట ఎవరేసినారమ్మా?"

"పూలతోటా?" ఆమె కోపం క్రిస్టోఫర్ కోపానికి అక్కలా ఉంది. "కండ్లుండాయా నీకు? ఈ దుమ్ముకు చీనీ చెట్టుకు పూతే నిలవకుండా పోతాంటే, పూలతోటంట! ఈడ ఎవుడూ ఎన్నడూ పూలు ఏయలేదు. యాడనుంచొచ్చినావు నువ్వు, కంకరోళ్ళ మనిషివా?"

కంకరోళ్ళ మనిషి అనిపించుకోవడంతో ఆయన ఒళ్ళు మండింది. మిషన్ దగ్గర కుర్చీలో ఉన్న సూపర్‌వైజర్ దగ్గరికి అంగలు వేసుకుంటూ పోయాడు. అతని పేరు మహీధర్, చేతిలో ఫోను, చెవిలో దూది.

"గుట్టను యాడికి తోలినారప్పా?"

"రోడ్డుకు."

"ఏ రోడ్డుకు?"

"మీరొచ్చిన రోడ్డుకే."

క్రిస్టోఫర్ వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. నున్నగా, నల్లగా ఉంది. కుదుపు లేకుండా తెచ్చిందని దారిలో తానే మెచ్చుకున్నాడు. అప్పుడు అరిచాడు చూడండి, ఆ అరుపుకు కంకర మిషన్ బెల్టు తెగిందని రఫీ ఈనాటికీ ఒట్టేసి చెబుతాడు. బెల్టు సంగతి ఎలా ఉన్నా, మహీధర్ చెవిలో దూది మాత్రం తీశాడు.

"అది ఏందో తెలుసునా నీకు? సముద్రంరా అది! సముద్రాన్ని తెచ్చి రోడ్డుకేసినావు!"

"పర్మిషన్ ఉండాదప్పా" అన్నాడు మహీధర్.

వెనక్కి బయల్దేరారు. క్రిస్టోఫర్ బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ గుట్ట ఇప్పుడు లేదు. ఉన్నదల్లా తన షెడ్డు వెనక గోడకు ఆనించిన సగాలే. ఒక సముద్రం మొత్తం ఆయన రేకుల కింద, పెయింటు గుర్తులతో పడి ఉంది. అది కూడా అనుమానపు సరుకే.

పులివెందుల బస్టాండు దగ్గర టీకి ఆగారు. బెంచీ మీద నరసింహులు ఉన్నాడు, రోజూ ఉండే చోటే. క్రిస్టోఫర్‌ను చూసి బోసినోటితో నవ్వాడు.

"ఏమప్పా, నా మిషన్ ఎట్లుండాది?"

"నీ మిషనేంది? నా మిషను."

"నీదేలేప్పా, దుడ్లిచ్చినావు గదా. అన్నం పెట్టింది మాత్రం నాకు గూడా గదా." నరసింహులు హేమమాలిని వైపు తిరిగాడు, కొత్త మనిషికి చెప్పుకునే సంబరంతో. "ప్రతి దసరాకూ పోయి ఆయుధపూజ చేసొస్తానమ్మా. ఈసారి కొత్త బ్లేడు ఏసినాడని రెండు బంతిపూల దండలు తీసుకపోయినా. ఒకటి బ్లేడుకు, ఒకటి మోటరుకు. మిగిలిన పూలు ఏటా చేసినట్టే రెక్కలు తుంచి తొట్టిలో ఏసినా, నీళ్ళు గూడా సల్లగుండాలని. ఈయప్ప టీకి పోయినాడులే, ఎప్పటి మాదిరే."

హేమమాలిని గ్లాసు కింద పెట్టింది.

కోత మిషన్‌కు తొట్టి అంటే ఏమిటో చెప్పాలి. బ్లేడు తిరిగేటప్పుడు కాలిపోకుండా దాని మీద నీళ్ళు పడుతూ ఉంటాయి. పడిన నీళ్ళు కిందికి దిగి తొట్టిలో చేరతాయి, మోటరు వాటినే మళ్ళీ పైకి ఎత్తుతుంది. నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో తొట్టి నీళ్ళు ఎవరూ పారబోయరు. తగ్గినప్పుడు పైన ఒక బిందె పోస్తారు, అంతే. ఏటా దసరాకు తొట్టిలో పడిన బంతిపూల పొడి ఆ నీళ్ళల్లోనే తిరుగుతూ బ్లేడు మీదుగా సముద్రంలోకి పారింది.

ఇక టీకి పోవడం. ప్రతి ఏడూ ఇంట్లో భార్య అన్నమ్మ అడుగుతుంది, "ఏమయ్యా, మన షెడ్డులో పూజంటనే?" అని. "నేను చూడలేదు" అంటాడు క్రిస్టోఫర్. అబద్ధం కాదు. అబద్ధం కాకుండా ఉండడానికే ఆయన సరిగ్గా ఆ పూట టీకి పోతాడు. ముసలాయన్ను వద్దనడానికి నోరు రాదు, సరే అనడానికి మనసొప్పదు. తిరిగొచ్చి దండలు తీసేస్తాడు, తొట్టిలో తేలే రెక్కలు చేత్తో దేవి బయట పారేస్తాడు. వాటిని పూలని ఒక్క ఏడూ అనుకోలేదు. చెత్త అనుకున్నాడు.

"నేను మొట్టమొదట అడిగిందే పూల గురించి" అంది హేమమాలిని. బస్టాండులో జనం తిరిగి చూశారు. ఆ రోజు మొదటిసారి ఆమె అరుస్తోంది, క్రిస్టోఫర్ వింటున్నాడు. "అడిగితే ఏమంటివి? చర్చికి పోయేటోన్ని అంటివి. నన్ను ఊరూరా తిప్పితివి. రఫీని దొంగను చేస్తివి. నీ దేవుడికి తెలీకుండా దాచినావో, నీకు నువ్వే దాచుకున్నావో నాకు తెలీదు. నా సముద్రంలో మాత్రం బంతిపూలు పూయించినావు! ఒక్క మాట చెప్పింటే ఆ తొట్టి నేనే కడుక్కుంటాంటి గదా!"

క్రిస్టోఫర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు.

"స్టార్ట్ కాలేదా మామా?" అన్నాడు రఫీ. "తొయ్యాల్నా?"

నరసింహులు ఒక్కొక్కరి ముఖం చూస్తూ, "పూలు మంచివేనప్పా, తెల్లారి కోసినవే" అన్నాడు.

మరునాడు పొద్దున్నే క్రిస్టోఫర్ తొట్టికి అడుగున ఉన్న బిరడా పీకాడు. బూడిదరంగు నీళ్ళు రోడ్డు దాకా పారాయి. ఎండాకాలం నీళ్ళు పారబోసినందుకు పక్క షెడ్లవాళ్ళు తిట్టారు. ఆయన తిరిగి తిట్టాడు, కానీ సగం గొంతుతో. హేమమాలిని వచ్చి సగాల ముందు నిలబడింది.

"నీళ్ళు పైన తగిలినంత మేరా, చీలికల్లో దిగినంత మేరా పోయినట్టే. లోపలి గుండె మాత్రం మంచిది. బ్లేడు తగలకూడదు. పగలగొట్టాల."

"నేను కొడతా."

"నిన్ను ముట్టుకోనీయను."

"పాపా, ఈ రాయి పొర యాడ విచ్చుకుంటాదో కొట్టేటోనికి తెలియాల. తప్పు దెబ్బ పడితే పొడి అయితాది. ఇంక తెచ్చుకోను గుట్ట లేదు."

ఆమె సబ్బు చేతికిచ్చింది. మోచేతుల దాకా కడిగించింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టించింది. కొత్త సుత్తి, కొత్త ఉలి తెప్పించి వేణ్ణీళ్ళలో మరిగించింది. ఉలి పెట్టి ఆయన మొదటి దెబ్బ కొట్టాడు. రాయి అడ్డంగా విచ్చుకుంది. లోపల నల్లగా, తడి లేకున్నా తడిసినట్టు మెరిసింది. అప్పటిదాకా ఏ వెలుతురూ చూడని ముఖం. క్రిస్టోఫర్ దగ్గరికి వంగాడు.

"ఊపిరి తగలనీయొద్దు!" అని అరిచింది.

బడిలో బెంచీ ఎక్కించినప్పటి మంట మళ్ళీ గొంతుదాకా వచ్చింది. నెత్తిన బండ మోసిన పిల్లాడు ఇప్పుడు అలాంటి బండ ముందే నోటికి గుడ్డ కట్టుకుని, అంగడి వాళ్ళ పాప చేత తిట్టించుకుంటూ కూర్చున్నాడు. ఆ మంటనంతా సుత్తిలోకి తెచ్చుకున్నాడు. కానీ దెబ్బ మాత్రం ఎంత పడాలో అంతే పడింది. ఒక్క రాయి కూడా పొడి కాలేదు.

నెలాఖరు ముందే ఆమె తిరిగి వచ్చింది. ఫోను ముందు పెట్టింది. ముళ్ళు లేవు. నున్నటి గుండ్రటి తొడుగులు, దండలో గుచ్చినట్టు ఒకదానికొకటి అంటుకున్న చిన్న గింజల్లాంటివి. మరో బొమ్మలో, అంటే కొంచెం పై పొరలో, అవేమీ లేవు. ఉత్త నలుపు.

"ఈడ ఏమైంది?" అన్నాడు.

"ఈడ సముద్రానికి ఊపిరాడలేదు. అదే నేను చెప్పాలనుకునింది. సారు ఒప్పుకున్నాడు." ఫోను తీసుకుంటూ అంది, "ముందు కోసిన వాటిల్లో బంతిపూల పుప్పొడి ఎట్ల పడిందో గూడా రాయమన్నాడు. రాసినా. పేరు పెట్టలేదులే అన్నా. జమ్మలమడుగులో ఒక కోత షెడ్డు అని రాసినా."

"ఒక కోత షెడ్డా?" క్రిస్టోఫర్ లేచి నిలబడ్డాడు. గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. "ఇన్నేండ్లు సముద్రాన్ని కోస్తే ఒక షెడ్డా? తప్పయినా నాదే గదా! రాయి, క్రిస్టోఫర్ షెడ్డు అని రాయి! వేరేవాని మీదికి పోతే ఊరుకుంటానా?"

పక్క షెడ్డులో మిషన్ మళ్ళీ ఆగింది.

దసరా వచ్చింది. నరసింహులు బస్సు దిగి, సంచిలోంచి దండ తీశాడు. ప్లాస్టిక్ పూలు, ఆకులతో సహా.

"ఇదేంది?"

"ఆ పాప పొడి పడకూడదనింది గదప్పా. దీన్ని ఏ మైక్రోస్కోపు పట్టుకుంటాది?"

"నా మిషన్‌కు ప్లాస్టిక్ పూలా? దానికేమన్నా దిక్కులేదనుకున్నావా? పో, బంతిపూలు తీసుకోనిరాపో. బ్లేడు విప్పి ఇంట్లో పెట్టినా, తొట్టి ఎండగట్టి మూత ఏసినా. మోటరుకు ఎన్ని దండలేస్తావో ఏసుకో. తొట్టి జోలికి పోతే మాత్రం నీ ముసలితనం గూడా చూడను."

ముసలాయన పూలు తెచ్చి, టెంకాయ కొట్టి, కండ్లు మూసుకున్నాడు. క్రిస్టోఫర్ స్టూలు ఈడ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు, రెక్క ఎటు రాలుతుందో కాపలా కాస్తూ. ఫోను మోగింది. అన్నమ్మ.

"ఏమయ్యా, మన షెడ్డులో పూజంటనే?"

"ఊఁ" అన్నాడు, చూపు తిప్పకుండా. "చూస్తాండా."